బోర్డు మీది అంకె మన బండిది కాదు



హుజూరాబాద్ బస్టాండు ముందర నిలబడి ఏ లారీ డ్రైవరునైనా అడిగి చూడండి: "అన్నా, ఈ వరంగల్ తొవ్వ మీద నీ బండికి స్పీడు ఎంత?" నవ్వుతాడు. "ఎంత పోతే అంత" అంటాడు. నేనూ ఒకప్పుడు అదే జవాబు చెప్పేవాణ్ని. అందుకే తప్పు పట్టను.

లెక్క మాత్రం ఉంది. 2018 ఏప్రిల్ 6న కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మామూలు రోడ్డు మీద కారుకు గంటకు 70 కిలోమీటర్లు, లారీకీ బస్సుకూ 60. నడుమ డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డయితే కారుకు 100, బస్సుకు 90, లారీకి 80. ఇవి పైహద్దులు, రాష్ట్రం కావాలంటే ఇంకా తగ్గించుకోవచ్చు. జగిత్యాల నుంచి కరీంనగర్, మన హుజూరాబాద్, వరంగల్ మీదుగా ఖమ్మం పోయే 563 నంబరు జాతీయ రహదారిని మన దిక్కు నాలుగు వరుసలు చేస్తున్నారు. ఆ పని పూర్తయిన నాడు ఒకే రోడ్డు మీద మూడు రకాల బండ్లకు మూడు వేగాలు ఉంటాయి. పెద్ద అక్షరాలతో కనబడేది మాత్రం కారు అంకె.

ఇక్కడ ఈ సంగతి తెలియకున్నా రోజులు గడిచిపోతున్నాయి. పరదేశంలో గడవవు. ఈ కరపత్రం అందుకోసమే.

నా కథ కొంచెం వినండి. కరీంనగర్ గ్రానైటు లారీల మీద చేయి తిరిగిన వాణ్ని. ఇరవై టన్నుల రాయిని వెనుక పెట్టుకుని తిరిగినోనికి ఎడారి రోడ్డు ఒక లెక్కా అనుకుంటూ దుబాయి పోయాను. అక్కడ మళ్లీ పరీక్ష పాసై, హెవీ లైసెన్సు తీసుకుని ట్రేలా, అంటే ట్రైలర్ లారీ, ఎక్కాను. రూములో పాతకాపులు ముందే చెప్పారు: "బోర్డు మీది దానికన్నా ఇరవై ఎక్కువైనా కెమెరా కొట్టదు తమ్మీ." దుబాయిలో అది నిజమే. కానీ అబుదాబిలో ఆ ఇరవై సడలింపును 2018 ఆగస్టు 12 నుంచి తీసేశారు. దేశం ఒకటే, రోడ్డు ఒకటే, పొలిమేర దాటితే రివాజు వేరు. దానికి తోడు నేను చూసిన బోర్డు కార్లది. నా ట్రేలాకు 80. నేను 95లో, అందరికన్నా నెమ్మదిగా పోతున్నాననుకుంటూ పోయాను. ఒకే నెలలో మూడు ముఖాలఫాలు, అంటే ట్రాఫిక్ ఫైన్లు, పడ్డాయి. హద్దు మీద ఇరవై లోపు దాటితే 300 దిర్హాములు. మూడు కలిపితే 900. నా జీతం 1,800. కంపెనీ జీతంలోంచే కోసుకుంది. ఆ నెల ఇంటికి పంపిన పైసలు చూసి మా నాయన ఫోన్ చేసి "తాగుడు మొదలు పెట్టినవా బిడ్డా?" అని అడిగాడు. ఫైను బాధ కన్నా ఆ మాట బాధ ఎక్కువ.

హద్దు మీద అరవై కన్నా ఎక్కువ పోతే అక్కడ 2,000 దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు, నెల రోజులు బండి జప్తు. 24 పాయింట్లు నిండితే లైసెన్సు సస్పెండ్ చేస్తారు. డ్రైవరు వీసా మీద పోయినోనికి లైసెన్సు లేకపోతే ఇక ఏమున్నట్టు?

ఇది గల్ఫ్ డ్రైవర్ల గోస మాత్రమే అనుకోకండి. సాఫ్ట్‌వేర్ పిల్లలకూ ఇదే చిక్కు, ఇంకో వేషంలో వస్తుంది. అమ్మానాన్నలను అక్కడికి పిలిపించుకున్నప్పుడు మోటార్‌హోమ్ కిరాయికి తీసుకుంటున్నారు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. నత్త లెక్క ఇంటిని వీపున వేసుకుని తిరగడం. మా మేనల్లుడు న్యూజిలాండ్‌లో అట్లాంటిది తీసుకుని అమ్మానాన్నలతో సౌత్ ఐలాండ్ తిరిగాడు. రోడ్డు మీద 100 అని బోర్డు, బండి 100లో. పోలీసు ఆపాడు. రాత్రి నాకు ఫోన్: "మామా, బోర్డు వందనే ఉన్నది గదా!" ఉంది. కానీ ఆ దేశంలో మొత్తం బరువు 3,500 కిలోలు దాటిన బండికి 90 దాటొద్దు. వాని కారు లైసెన్సు మీద 6,000 కిలోల దాకా నడపొచ్చు. నడపనిచ్చారు కాబట్టి కారు వేగంలో పోవచ్చనుకున్నాడు. లైసెన్సు లెక్క వేరు, వేగం లెక్క వేరు.

అసలు పీటముడి ఇక్కడే ఉంది. మన దగ్గర 7,500 కిలోల దాకా 'లైట్' బండే. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఆ బరువు దాటని ట్రాన్స్‌పోర్టు బండిని లైట్ లైసెన్సుతో నడపొచ్చని. యూరప్‌లో తేలిక బరువు 3,500 కిలోలతోనే ఆగిపోతుంది. మన రవాణా ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం అచ్చు వేసినది, అందులోనూ 'బి' తరగతికి 3,500 కిలోలే. అంటే నాలుగు టన్నుల మోటార్‌హోమ్ హుజూరాబాద్‌లో లైటు, జర్మనీలో హెవీ. బండి మారలేదు, విమానం దిగేసరికి దాని జాతి మారింది.

జర్మనీ పేరు చెప్పగానే మన పోరగాళ్లు "ఆటోబాన్ మీద లిమిటే లేదు" అంటారు. అది కారుకు. మూడున్నర టన్నులు దాటి ఏడున్నర దాకా ఉన్న మోటార్‌హోమ్‌కు ఆటోబాన్ మీద 100, ఊరి బయటి మామూలు రోడ్డు మీద 80. ఫ్రాన్స్‌లో అదే బండికి మోటార్‌వే మీద 110. ఆస్ట్రియాలో మోటార్‌వే మీద 80, మిగతా రోడ్ల మీద 70. పొద్దున ఒక దేశంలో టిఫిన్ చేసి, మధ్యాహ్నం ఇంకో దేశంలో అన్నం తినేవాడు ఈ మూడూ గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో మైళ్లు. అక్కడ తూచేది కూడా ఖాళీ బండి బరువు: 3.05 టన్నులు దాటితే డివైడర్ లేని రోడ్డు మీద 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు. డివైడర్ ఉంటే 60, మోటార్‌వే మీద కారుతో సమానంగా 70. అమెరికాలో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో వెనుక ఏదైనా కట్టి లాగుతుంటే, బోర్డు 65 అన్నా 70 అన్నా, 55 మైళ్లు దాటకూడదు.

"గూగుల్ మ్యాపు చూపిస్తది గదా" అంటారు. అది చూపించేది కూడా బోర్డు మీది కారు అంకెనే, మీ వెనుక ఎన్ని టన్నులున్నాయో దానికి తెలియదు. "బండికి స్పీడు లాకు ఉంటది గదా" అని లారీ తమ్ముళ్లు. ఉంటుంది. యూరప్‌లో పెద్ద లారీకి లాకు 90 దగ్గర పెడతారు, జర్మనీ ఆటోబాన్ మీద లారీకి హద్దు 80. ఏడున్నర టన్నులు దాటితే మామూలు రోడ్డు మీద 60. లాకును నమ్ముకున్నవాడు ముప్పై ఎక్కువ పోయి కూడా నేను సరిగ్గానే ఉన్నాననుకుంటాడు. ఈమధ్య మన ఏజెంట్ల నోట పోలండు, లిథువేనియా లారీ కంపెనీల పేర్లు వినబడుతున్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా.

బరువు బండికి ఈ కట్టడి ఎందుకో డ్రైవరుకు నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక ముక్క. 60లో పోతుంటే కాలు బ్రేకు మీద పడేలోపే, ఒక్క సెకనులో, బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. 80లో 22. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. నీళ్ల ట్యాంకు ఊగుతుంది, ఎత్తయిన గోడకు గాలి కొడుతుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ములు కాగుతాయి.

ఈ సంగతి మన ఊళ్లకు ఇప్పుడు ఇంకా ముఖ్యం. 2021 ఆగస్టు 16న మన శాలపల్లిలో, దళిత కుటుంబాలకు పైసలిచ్చే దళితబంధు పథకం మొదలైంది. ఆ పైసలతో మన నియోజకవర్గంలో ఎన్నో ఇండ్ల ముందర బండ్లు నిలిచాయి. కొత్తగా స్టీరింగు పట్టినవాళ్లలో రేపు హెవీ చేసుకుని గల్ఫ్ పోయేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లు నా లెక్క జీతం కోయించుకుని నేర్చుకోవాల్సిన పని లేదు.

సర్కారును మేము అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఇంటర్నేషనల్ పర్మిట్‌కు వెయ్యి రూపాయలు కట్టించుకుంటున్నారు, అది చెల్లేది ఏడాది. ఆ పుస్తకంతో పాటు తెలుగులో ఒక కాగితం పెట్టండి: పోయే దేశంలో ఏ బరువుకు ఏ వేగం, కిలోమీటర్లా మైళ్లా, బరువు ప్లేటు బండి మీద ఎక్కడ ఉంటుంది. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి ప్రభుత్వం పెట్టిన డ్రైవింగ్ కేంద్రంలో, ప్రైవేటు డ్రైవింగ్ స్కూళ్లలో హెవీ నేర్చుకునేవాళ్లకు ఒక పూట ఈ పాఠం చెప్పండి. గల్ఫ్ పోయేవాళ్లకు ప్రయాణానికి ముందు ఇచ్చే ఒకరోజు శిక్షణలో డ్రైవర్లను వేరే కూర్చోబెట్టండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా పోయే డ్రైవర్ల కాంట్రాక్టులో ఫైను ఎవరు కట్టాలో, ట్రిప్పుకు ఎన్ని గంటలు ఇస్తారో రాయించండి. ఎనిమిది గంటల తొవ్వను ఆరు గంటల్లో కొట్టమని చెప్పి, ఫైను మాత్రం డ్రైవరు నెత్తిన రుద్దడం నేను కళ్లారా చూసిన పద్ధతి.

అందాక ఇంట్లో చేసుకోగలిగింది కూడా ఉంది. కొడుకో బిడ్డో మోటార్‌హోమ్ తీసుకుంటున్నామని ఫోన్ చేస్తే "బండి మొత్తం బరువు ఎంత?" అని అడగండి. తెలియదంటే, తాళంచెవి తీసుకోకముందే కౌంటరు మీద అడిగి, ఆ బరువునూ దాని వేగాన్నీ ఒక చిట్టీ మీద రాసి స్టీరింగు పక్కన అంటించుకోమనండి.

వచ్చే సోమవారం కరీంనగర్ కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఈ విన్నపం పట్టుకుని పోతున్నాం. పొద్దున ఎనిమిదింటికి హుజూరాబాద్ బస్టాండు దగ్గర కలుద్దాం. గల్ఫ్‌లో కట్టిన పాత ముఖాలఫా కాగితాలు పెట్టె అడుగున ఎక్కడన్నా ఉంటే జిరాక్సు తీసి తెండి. అరబ్బీలో ఉన్నా పర్వాలేదు, అంకెలు చదువుకుంటాం.

ఇట్లు,
హుజూరాబాద్ నుంచి ఒక పాత ట్రేలా డ్రైవరు