‘జ్ఞా’ దగ్గర ఆగిన ఫోన్లు



పొద్దున్నే తార్నాక మెట్రోలో రాయదుర్గం రైలెక్కే చాలామంది భుజాన ల్యాప్‌టాప్ బ్యాగే. సీటు దొరికితే వెబ్ సిరీస్, దొరక్కపోతే రీల్స్. మధ్యలో ఆఫీసు మెసేజ్ మోగిందా, బొమ్మ ఆగి బగ్ వేట మొదలవుతుంది. పనీ వినోదమూ ఒకే తెర మీద కలిసిపోయిన ఈ బతుకే మా సంచికను కలిపే దారం.

అలాంటి ఒక బగ్ వల్లే 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను హడలెత్తించింది, గుర్తుందా? ఆ అక్షరం మధ్య కంటికి కనబడని ఒక గుర్తు చేరితే చాలు, మెసేజ్ వచ్చిన యాప్ కుప్పకూలేది. అక్షరాలు పేర్చే కోడులో చిన్న పొరపాటది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.6 అప్‌డేట్‌తో సర్దుకుంది.

ఆ పొరపాటు కోడుదే, మన భాషది కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, పెద్ద చదువులు మన భాషల్లోనూ సాగుతాయని చూపింది. దాని క్యాంపస్ చెట్ల కింద ఇవాళ పిల్లలు ఏఐని అడిగి కోడు రాయించుకుంటున్నారు. రాయడం సులువైంది. ఆ కోడు ‘జ్ఞా’ దగ్గర తడబడకుండా చూసుకోవడం మాత్రం మనుషుల పనే. అందుకే ఇప్పుడీ సంచిక.

ఫోన్ కాసేపు పక్కన పెట్టి చదవండి. మా పేజీల్లో బగ్గులు కనబడితే మొహమాటపడకుండా ఉత్తరం రాయండి.

– సంపాదకవర్గం