భూగర్భమందలి గొట్టములు

కంటికి కనబడు కట్టడములకు కీర్తి కలదు. కనబడని వానికి లేదు. మంజీరానదిపై అచ్చంపేటకడ 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరమును చూచుటకు నేటికిని జనులు తరలివచ్చుచున్నారు. ఎల్లారెడ్డి ప్రాంతమున పోచారపు అలుగు పారెనన్న వార్త విని ఊరూర సంతసించుచున్నారు. కాని నదులనుండి తెచ్చిన నీరు పట్టణమున ప్రవేశించిన పిమ్మట ఏ వీథిక్రింద, ఏ గొట్టముగుండ, ఎట్టి స్థితిలో ఇంటింటికి చేరుచున్నదో విచారించువారు అరుదు. భూమిపైనున్నదానికి ప్రారంభోత్సవము, శిలాఫలకము, పూలదండ, భూమిలోనున్నదానికి మఱపు. ఈ మఱపు ఖరీదు పురజనులే చెల్లించుకొనుచున్నారు.

మన పట్టణములలో జరుగు తంతు అందఱును ఎఱిగినదే. క్రొత్తగా సిమెంటురోడ్డు వేయుదురు. అది ఆఱి గట్టిపడునంతలో క్రింది గొట్టము పగులును. గడ్డపాఱలు వచ్చును, రోడ్డు చీల్చబడును, గోయి నెలలకొలది నోరు తెఱచుకొని యుండును, పూడ్చినచోట గుంత మిగులును. మరల రోడ్డునకు టెండరు! అడుసు త్రొక్కనేల, కాలు గడుగనేల యను సామెత మన పురపాలక వ్యవహారమునకే పుట్టినట్లున్నది.

ఇది ధనవ్యయముతో పోవునది కాదు. దినమెల్ల నీరు పారని గొట్టమున నొక అపాయము పొంచియున్నది. నీరు నిండి ఒత్తిడితో నున్నంతవఱకు పగులునుండి బయటికి కారును. నీరు కట్టివేసినపుడు గొట్టము ఖాళీయై, ఆ పగులునుండియే చుట్టునున్న మురుగును లోనికి పీల్చుకొనును. మఱునాడు కుళాయి త్రిప్పిన గృహిణి బిందెలో పడునది ఆ కలుషితజలమే. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పురమున కలుషితమైన త్రాగునీటివలన పలువురు ప్రాణములు కోల్పోయిరి; వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. రాజధానికి సంభవించినది చిన్న పట్టణములకు సంభవింపదని ఎవరు పూచీపడగలరు? చిన్న పట్టణములలో మురుగు చాలవఱకు తెఱపికాలువలలోనే పారుచున్నది. ఆ కాలువల ప్రక్కనే, కొన్నియెడల వాని గర్భముననే, మంచినీటి గొట్టములు పోవుచున్నవి.

పాతగొట్టమును త్రవ్వి తీయకయే దాని లోపల క్రొత్తగొట్టమును పుట్టించు విద్య యొకటి లోకమున అర్ధశతాబ్దికి మించి ప్రచారమున నున్నది. దీనిని కనిపెట్టినవాడు ఎరిక్ వుడ్ అను ఆంగ్ల యింజనీరు. 1971లో లండను నగరపు హాక్నీ ప్రాంతమున నూఱేండ్లనాటి యిటుకల మురుగుకాలువ నొకదానిని ఆయన ఈ రీతిగా బాగుచేసెను. పిదప ఈ పద్ధతి ఐరోపా, అమెరికా, జపాను దేశములకు వ్యాపించెను. మన దేశమున ఢిల్లీ నగరపు పెద్ద మురుగుకాలువలకును దీని నుపయోగించిరి.

ఇందలి యుక్తి మిక్కిలి సులభమైనది. చొక్కాచేతిని తిరగవేయుట చూచినవారికి ఇది బోధపడును. గొట్టపు కొలతకు తగినట్లు మెత్తని పాలియెస్టరు కంబళితో పొడవైన తిత్తిని కుట్టుదురు. దాని వెలుపలిప్రక్క నీరు చొరని ప్లాస్టికు పూత యుండును. లోపలి కంబళికి రెజిన్ అను జిగురును గాలి తీసివేసి బాగుగ పట్టింతురు. వేడి తగిలిన ఆ జిగురు గట్టిపడును గావున పని జరుగు చోటికి చల్లగా నుంచి తెత్తురు. ముందుగా పాతగొట్టములోని నీటిని ప్రక్కదారి పట్టించి, వడిగల నీటిధారతో కడిగి, కెమెరాను పంపి పరీక్షింతురు. పిమ్మట తిత్తియొక్క కొనను మ్యాన్‌హోలుకడ వెనుకకు మడచి బిగించి, ఆ మడతలో నీటిని గాని, ఒత్తిన గాలిని గాని నింపుదురు. ఆ బరువునకు తిత్తి తన్నుతాను తిరగవేసికొనుచు గొట్టములో ముందునకు సాగును. జిగురుగల ప్రక్క పాతగొట్టపు గోడకు హత్తుకొనును. నునుపైన పూత లోపలికి వచ్చును. అటుపై వేడినీటిని గాని ఆవిరిని గాని పంపిన కొన్ని గంటలలో తిత్తి ఱాయివలె బిగియును. మూతపడిన యింటిగొట్టముల నోళ్లను లోపలినుండియే యంత్రముతో తెఱతురు. ఇట్లు బాగుచేసిన గొట్టము ఏబదియేండ్లు నిలుచునట్లు యింజనీర్లు లెక్కలు వేయుచున్నారు.

బజారు మూయ నక్కఱలేదు. అంగడివాని బేరము చెడదు. ప్రక్కనున్న విద్యుత్తీగలు తెగవు. కామారెడ్డివంటి యూరి నడుమ రైలుమార్గమున్నది. చెంతనే నలుబదినాలుగవ జాతీయరహదారి యున్నది. అట్టి చోట్ల గోయి త్రవ్వుటకు అనుమతి పొందుటే యొక యజ్ఞము. ఇరుకుసందులలో ప్రాతగోడల పునాదుల ప్రక్క త్రవ్వుట యిండ్లకే ముప్పు. ఇట్టి తావులందు ఈ విద్య యమూల్యము.

అయినను వర్తకులు చెప్పునంత మాత్రమున దీనిని సర్వరోగనివారిణిగా నమ్మరాదు. కూలిపోయిన గొట్టమును ఇది నిలబెట్టలేదు. వాలు తప్పిన గొట్టమునకు వాలు తేలేదు. జనసంఖ్యకు చాలని చిన్నగొట్టమును పెద్ద చేయజాలదు. లోపలి వ్యాసము కొంత తగ్గనే తగ్గును. మంచినీటి గొట్టమునకు వాడు జిగురు త్రాగునీటికి హాని చేయనిదని ధ్రువపఱుపబడి యుండవలయును. ఆవిరితో కాచునపుడు లేచు తెల్లనిపొగ వట్టి నీటియావిరి కాదనియు, అందు స్టైరీను మున్నగు రసాయనములు గలవనియు 2017లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. కావున పనివారికిని, ప్రక్కయిండ్లవారికిని రక్షణ కల్పింపక ఈ పని చేయించుట అపరాధమగును. విశాలమైన వీథిలో లోతు తక్కువగల గొట్టమునకు గోయి త్రవ్వి క్రొత్తది వేయుటయే చౌక కావచ్చును. ఏది యెచ్చట తగునో తెలిసికొనుటే వివేకము.

తెలిసికొనుటకు మన చేత నేమున్నది? ప్రశ్న యంతయు ఇచ్చటనే యున్నది. ఏ వీథిక్రింద ఏ యేట, ఏ లోహపు గొట్టము, ఎంత లోతున వేసిరో తెలుపు పటము సామాన్య పౌరుడు చూడదగినట్లు ఎన్ని పురపాలక కార్యాలయములలో నున్నది? ఈ విషయము ముసలి ఫిట్టరు జ్ఞాపకమున మాత్రమే నిలిచియుండి, అతడు పదవి విరమించిన దినముననే మాయమగుట పట్టణమునకు శ్రేయస్కరమా? 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, మొట్టమొదట కొలతలు తీయించి, అటుపిమ్మటనే వరదనివారణమునకును మురుగుపారుదలకును పథకములు రచించిరి. కొలత ముందు, కట్టడము వెనుక. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను అతివృష్టి ముంచెత్తినపుడు రోడ్లు తెగెను, రైలుకట్ట కొట్టుకొనిపోయెను. పైవి కానవచ్చెను గనుక బాగుచేసిరి. క్రిందివాని గతి యేమి?

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాకేంద్రమాయెను. 2018లో ఎల్లారెడ్డి పురపాలకసంఘమాయెను. ఇట్టి పట్టణములు ఇకమీదట భూమిలో పాతిపెట్టబోవు ధనము కొంచెము కాదు. పాతిపెట్టుటకు ముందే యోచింపవలయును. వేయు ప్రతి గొట్టమునకును పటము, ప్రతి మలుపునను తగినంత పెద్ద మ్యాన్‌హోలు నుంచినయెడల, ఏబదియేండ్లకు మన మనుమలు వీథులు చీల్చక దానిని బాగుచేసికొందురు. ఒకమాట మఱువరాదు: మురుగుగొట్టములోనికి మనుష్యుని రక్షణలేక దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను అట్లు దిగి ఊపిరాడక మరణించిన పేదలవార్తలు ఆగలేదు. కెమెరాను పంపదగిన చోటికి మానవుని పంపుట నాగరికత యనిపించుకొనదు.

కావున మేము కోరునది మూడు కార్యములు. గొట్టముల పటమును సిద్ధపఱచి పఠనమందిరములందు ప్రకటించుట. రోడ్డు వేయుటకు ముందు దానిక్రింది గొట్టమును పరీక్షించితీరవలయునను నిబంధన. ఏ గొట్టమునకు తిత్తి, ఏ గొట్టమునకు గోయి యనునది గుత్తెదారు గాక యింజనీరు నిర్ణయించుట. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు మాస్టరుప్లానునకు ఎదురు నిలిచినపుడు పురపాలకసంఘము దానిని రద్దుచేయ తీర్మానింపవలసివచ్చెను. భూమిపై గీసిన గీతలను ప్రశ్నింపగల ప్రజలు భూమిక్రింది గొట్టములను ప్రశ్నింపలేరా? స్వపరిపాలనము ఓటుపెట్టెతో ముగియదు. కుళాయినుండి పడు నీటిచుక్కవఱకు దాని యధికారము పాఱవలయును. వచ్చు వేసవికి ముందే పురజనులు ఆ పటమును అడుగుదురు గాక!