మా పొయ్యి మీద పత్రిక వంట

పత్రికల్లో వచ్చే వంటల పేజీ మీద మాకు పగ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. ఆ పేజీని మేం ఇరవై ఏళ్ళకు పైగా చదివాం, కత్తిరించి దాచుకున్నాం, మా పొయ్యి మీద వండి చూశాం. తెలియనిదాన్ని తిట్టడం ఎవరికైనా సులువే. మేం వండి, తిని, కొన్నిసార్లు పారబోసి మాట్లాడుతున్నాం.

భీమిలి డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో మా గదిలోకి పాత వారపత్రికలు చేతులు మారి వచ్చేవి. పాడేరు కొండల నుంచి వెళ్ళిన మాకు అందులో కథల కంటే వంటల పేజీ వింతగా ఉండేది. తెల్లటి పింగాణీ ప్లేటు, పక్కన మడత పెట్టిన గుడ్డ, కూర మీద రెండు కొత్తిమీర ఆకులు. కింద 'కావలసిన పదార్థాలు', 'తయారుచేసే విధానం'. వంట అంటే అదే అనుకున్నాం. మన ఇళ్ళల్లో ఉడికేది వంట కాదు, కడుపు నింపుకునే పని అనుకున్నాం. ఈ నాలుగు మాటలూ ఆ అనుకోవడం గురించే.

ఉద్యోగాలొచ్చాక మా ఇంట్లో ఇద్దరం టీచర్లం అయ్యాం. గ్యాసు పొయ్యి వచ్చింది, కుక్కరు వచ్చింది. దాచిన కాగితాలు బయటికి తీశాం. మొదట కేకు. ఓవెన్ లేదు కాబట్టి కుక్కరు అడుగున ఇసుక పోసి, విజిల్ తీసేసి, గిన్నె పెట్టి సన్నని మంట మీద ఉంచాం. ఒక పక్క మాడింది, ఇంకో పక్క పొంగింది. పిల్లలు ఆ మాడిన పక్క కోసం కూడా కొట్లాడుకున్నారు. ఆ సాయంత్రం మేం పడ్డ సంతోషం అబద్ధం కాదు. కొత్త వంట నేర్చుకోవడం తప్పనే వాళ్ళతో మేం లేం. మనిషి నోటికి కొత్త రుచి కావాలి. ఆదివాసీ నోటికీ కావాలి.

చిక్కు ఎక్కడ మొదలైందంటే, ఆ పేజీ మన వంటల్లోకి వచ్చినప్పుడు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. దాంతో ప్రతి పత్రికలోనూ సామలు, కొర్రలు, రాగులే. మన సామలు పత్రికకెక్కాయని మేమూ మురిసిపోయాం. ఒక పేజీలో సామల పులావు ఉంది. ఒక కప్పు సామలు, రెండు కప్పుల నీళ్ళు, రెండు చెంచాల నెయ్యి, పది జీడిపప్పులు, క్యారెట్, బీన్స్, చీజ్ తురుము, చివర్లో ఒక చెంచా ఆలివ్ నూనె. పది నిమిషాలు ఉడికించాలట. మా సామలు మా పోడులో పండినవి, రోట్లో దంచినవి, తవుడు పూర్తిగా పోనివి. పది నిమిషాలకు గింజ పంటి కింద కటకటమంది. ఆ పేజీలో సామలంటే మిల్లులో పాలిష్ పట్టి ప్యాకెట్టులో వచ్చిన సామలు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రాసిన వారికి అవి తప్ప వేరే సామలు ఉంటాయని తెలియకపోవచ్చు.

నెయ్యి, జీడిపప్పు, చీజ్ కొనడానికి అయిన డబ్బు మా అమ్మ లెక్కేసింది. సంతలో అడ్డ సామలు అమ్మితే వచ్చేది వాటికి చాలదు. "సామలు తినడానికి సామలే అమ్ముకోవాలా?" అని అడిగింది. ఆర్థికశాస్త్రం పాఠం అంతకంటే బాగా మేం ఎప్పుడూ చెప్పలేదు.

ఆలివ్ నూనె సంగతి చూడండి. చలికాలం మొదట్లో మన కొండవాలులన్నీ వలిసె పూలతో పచ్చబడతాయి. మైదానం నుంచి కార్లలో వచ్చి ఆ చేలలో ఫోటోలు దిగుతారు. ఆ పూల నుంచి గింజ వస్తుంది, గింజ నుంచి నూనె వస్తుంది. ఫోటోలో పనికొచ్చిన వలిసె, వంటల పేజీలోకొచ్చేసరికి పనికిరాదు. సముద్రాలు దాటి వచ్చిన నూనె కావాలి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నవ్వలేనిది వెదురు కొమ్ముల దగ్గర జరిగింది.

ఒక పత్రికలో 'గిరిజన ప్రత్యేకం' అని వెదురు కొమ్ముల వేపుడు వేశారు. లేత కొమ్ములు తరిగి, నూనెలో ఉల్లిపాయ వేయించి, కొమ్ములు వేసి మగ్గించాలి. అంతే. తొలకరి తర్వాత కొమ్ములు వచ్చే కాలం. మేం కాగితం చూసి అక్షరం తప్పకుండా చేశాం. అమ్మ పొలం నుంచి వచ్చి ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. మూకుడు తీసుకెళ్ళి పెరట్లో బోర్లించింది. "ఉడకబెట్టి నీళ్ళు పారబోయకుండా ఎవరు చేయమన్నారు?" అంది. పత్రిక చేయమంది అని చెప్పడానికి నోరు రాలేదు.

పచ్చి వెదురు కొమ్ములో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, బాగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోస్తేనే చేదూ పోతుంది, విషమూ పోతుంది. మా అమ్మకు సైనైడ్ మాట తెలియదు. నీళ్ళు పారబోయాలని తెలుసు. మాకు సైనైడ్ మాట తెలుసు, డిప్లొమా ఉంది, కాగితం చదవడం వచ్చు. నీళ్ళు పారబోయాలన్నది మాత్రం మరిచిపోయాం. మా ఊళ్ళో పుట్టి, ప్రతి వానాకాలం ఆ కూర తిని పెరిగిన మేమే మరిచిపోయాం. అచ్చులో ఉన్నదాన్ని అమ్మ చేతి కంటే ఎక్కువగా నమ్మాం.

మన వంటలో సగం, విషాన్ని తిండిగా మార్చే విద్య. కొన్ని అడవి దుంపలు తవ్వి నేరుగా తింటే గొంతు మండుతుంది, వాంతులవుతాయి. వాటిని చక్రాల్లా కోసి, ఉడకబెట్టి, గెడ్డ పారే నీళ్ళల్లో రాత్రంతా ఉంచుతారు. మామిడి టెంకలు ఎండబెట్టి, లోపలి పప్పు తీసి, దంచి, వగరు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాకే అంబలి కాస్తారు. ఏ దుంపకు ఎంతసేపు, ఏ నెలలో తవ్వాలి, ఏది ముట్టకూడదు, బాలింతకు ఏది పెట్టకూడదు, ఇదంతా అవ్వల తలల్లో ఉంది. ఒక అవ్వ పోయిందంటే అందులో కొంత పోయినట్టే. సగం తెలిసిన వంట, అసలు తెలియని దానికంటే ప్రమాదం.

మన వంట పత్రికకెక్కితే ఇలా ఎక్కుతుంది. పేరు మనది, విధానం ఎవరిదో. బొంగులో కోడి కూడా అంతే. అరకు రోడ్డు పక్కన ప్రతి మలుపులోనూ బోర్డు ఉంది. పత్రికలో అదే వంటకు 'బొంగు దొరక్కపోతే అల్యూమినియం రేకులో చుట్టి ఓవెన్‌లో పెట్టండి' అని చిట్కా. పచ్చి బొంగులోని తడికి మాంసం ఉడుకుతుంది, మూతికి కుక్కిన ఆకు వాసన పడుతుంది. బొంగు తీసేశాక మిగిలింది కోడి. దానికి మన పేరెందుకు?

ఇప్పుడు పత్రికలను వదిలి మన వైపు వేలు చూపించుకుందాం. ఎందుకంటే పెద్ద తప్పు అక్కడ లేదు, మా తరగతి గదిలో ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తనిఖీకి ఎవరో వస్తున్నారని కబురొచ్చింది. మూడో తరగతి గుంట ఒకర్తె ఆనపకాయ బుర్రలో చోడి అంబలి తెచ్చుకుంది. పుల్లటి వాసన. "అది బయట గుమ్మం వెనక పెట్టు, వాళ్ళకు కనపడనీయకు" అని చెప్పాం. ఆ గుంట బుర్ర దాచింది. మధ్యాహ్నం అందరితో కూర్చోలేదు. మరునాటి నుంచి ఏమీ తేలేదు. మేం దాన్ని క్రమశిక్షణ అనుకున్నాం.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టింది. మంచి పనే. నూరు గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గర. స్టీలు గ్లాసుల్లో బెల్లం వేసిన జావ పోస్తున్నాం. బిడ్డను ఒకటో తరగతిలో దింపడానికి ఒక తల్లి వచ్చింది. ఆ గుంటే. గ్లాసు చూసి నవ్వి, "అప్పుడు దాచమన్నారు కదా మాస్టారూ" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా మమ్మల్ని వదల్లేదు.

అంబలి అన్నప్పుడు సిగ్గు, జావ అన్నప్పుడు ఆరోగ్యం. గింజ అదే. చోడి అన్న మాట పోయి రాగి వచ్చింది, బుర్ర పోయి గ్లాసు వచ్చింది. ఆ మధ్య కాలంలో మన పోడుల్లో చోడి ఎంత తగ్గిందో మీ ఊరి పెద్దలను అడగండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. జీసీసీ డిపోల నుంచి బియ్యం మూటలు కొండలెక్కాయి. ఆకలి తీరింది, దాన్ని కాదనం. కానీ ఆ బియ్యంతో పాటే అన్నం తినేవాడు పెద్ద, అంబలి తాగేవాడు చిన్న అనే మాట కూడా కొండెక్కింది. దాన్ని మోసుకొచ్చిన వాళ్ళలో మేమూ ఉన్నాం. సుద్దముక్క పట్టుకుని మరీ మోశాం.

ఇక్కడ మన యువకులే కొందరు ఎదురు అడుగుతారు. "అంబలి తాగింది గతిలేక కదా? టెంకల పిండి తిన్నది ఆకలికి కదా? పేదరికాన్ని సంస్కృతి అని పొగుడుతారా?" సరైన ప్రశ్న. మేం పొగడం. వానాకాలంలో గాదె ఖాళీ అయ్యాక టెంకల అంబలితో నెలలు గడిపిన ఇళ్ళు మాకు తెలుసు. రక్తం లేక పాలిపోయిన మన ఆడవాళ్ళ ముఖాలు మాకు తెలుసు. మన పిల్లలకు గుడ్డు కావాలి, పప్పు కావాలి, పాలు కావాలి. ఆకలి మన సంప్రదాయం కాదు. కానీ ఆకలిలో కూడా చావకుండా బతికించిన విద్య మనది. ఆకలి పోవాలి, విద్య ఉండాలి. రెండింటినీ ఒకే బుట్టలో వేసి పారేయడం తెలివి కాదు.

ఇంకొందరు అంటారు, "మన వంటలు రాయడానికి ఏముంది? ఉప్పు, కారం, ఆకు." రాయకపోతే ఏమవుతుందో చెబుతాం. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' అనే పుస్తకం రాశారు. దాన్ని చూసి వంట నేర్చుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో. ఆమె తన ఎరుకలో ఉన్నది శ్రద్ధగా రాసి పెట్టారు. అది తెలుగు వంట అయింది. మనది రాయలేదు, కాబట్టి తెలుగు వంట లెక్కలోకి రాలేదు. తప్పు ఆమెది కాదు.

పక్కనే ఒడిశాలో చూడండి. మయూర్‌భంజ్ ఆదివాసుల ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 'చీమలు తినేవాళ్ళు' అని మనల్ని వెక్కిరించిన నోళ్ళే ఇప్పుడు దాని గొప్ప చెబుతున్నాయి. గుర్తింపు ఊరికే రాదు. అది ఎక్కడిది, ఎలా చేస్తారు, ఎవరు చేస్తారు అన్నది కాగితం మీద పెట్టాలి. వాళ్ళు పెట్టారు.

అందుకే మనం చేయాల్సింది పత్రిక కాగితాలు చింపేయడం కాదు. మన కాగితం రాయడం. తోటి టీచర్లకు, చదువుకున్న పిల్లలకు మా మాట ఇది. బడికి ఒక నోటుపుస్తకం పెట్టండి. నెలకు ఒక వంట చాలు. పిల్లలు ఇంటికెళ్ళి అవ్వను అడిగి రాసుకు రావాలి. ఆ వంట పేరు ముందు మన భాషలో, కువిలో గానీ ఆదివాసీ ఒడియాలో గానీ, మీ ఇంట్లో ఏ మాట అంటే ఆ మాటతో రాయాలి. తర్వాతే తెలుగు పేరు. కొలత కప్పుల్లో వద్దు, మన ఇంట్లో ఉన్న సోలలో, గిద్దలో, గుప్పెడులో రాయాలి. ఆకు గానీ దుంప గానీ అయితే బొమ్మ వేయాలి, దాన్ని పోలిన విషపుది ఉంటే ఆ బొమ్మా వేయాలి. ఎన్నిసార్లు నీళ్ళు పారబోయాలో ఎర్ర సిరాతో రాయాలి. ఏ కొత్త పండగ దాకా దాన్ని ముట్టకూడదో రాయాలి. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త అని మన పెద్దలు పెట్టుకున్నది గింజ పూర్తిగా పండేదాకా ఆగడానికే. అది కూడా వంట విధానంలో భాగమే.

రాసిన తర్వాత ఒక పని తప్పకుండా చేయాలి. అవ్వకు చదివి వినిపించాలి. ఆమె సరే అనేదాకా అది వంట కాదు, కాగితమే.

మేం మొదలుపెట్టాం. మొదటి పేజీ వెదురు కొమ్ముల కూర. రాసి అమ్మకు చదివి వినిపించాం. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ వింది. అంతా విని ఒక్క మాటే అడిగింది. "నీళ్ళు పారబోయాలని రాశావా?"

రాశాం. ఈసారి రాశాం.