బొమ్మ నిజమే, కింద రాత అబద్ధం

నెల్లికుదురు: హోటల్ బల్లమీద పడివున్న పత్రికలో వార్తను చదివేవారు కొందరే అయినా, బొమ్మను చూసేవారు మాత్రం అనేకులు. అక్షరం రానివారికీ బొమ్మ తెలుస్తుంది. కళ్ళారా చూశామన్న నమ్మకం కలుగుతుంది. సంచలన వార్తలతో అమ్ముడుపోయే పత్రికలకు ఈ నమ్మకమే పెట్టుబడి.

ఇందుకు దొంగబొమ్మ తయారుచేయనవసరం లేదు. ఎప్పటిదో, ఎక్కడిదో అయిన అసలు బొమ్మ కింద కొత్త రాత రాస్తే చాలు. పక్కవారిని కత్తిరించి ఒక్కరినే చూపినా అర్థం మారిపోతుంది. పాత బొమ్మను పెద్దదిగా వేసి, మూలన కంటికి ఆనని అక్షరాలతో 'ఫైల్ ఫొటో' అని వేయడం మరో పద్ధతి.

పేరున్న పత్రికలు సైతం ఇందుకు మినహాయింపు కాదు. 2004 మే నెలలో లండన్‌లోని డైలీ మిర్రర్ పత్రిక, ఇరాక్ ఖైదీని బ్రిటిష్ సైనికులు హింసిస్తున్నారంటూ ఫొటోలు ప్రచురించింది. ఫొటోలో కనబడిన లారీ అసలు ఇరాక్‌కు వెళ్ళనేలేదని తేలింది. పత్రిక క్షమాపణ చెప్పగా, సంపాదకుడు పదవి కోల్పోయాడు.

ఈ జాడ్యం పత్రికల నుంచి సెల్‌ఫోన్లకు పాకిన తర్వాత ప్రాణాలే పోయాయి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ మన రాష్ట్రమంతటా బొమ్మలు, వీడియోలు ప్రచారమయ్యాయి. బీబీనగర్ మండలంలో బంధువులను చూడబోయిన వ్యక్తిని, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. అదే ఏడాది మహారాష్ట్రలో ప్రచారమైన పసిపిల్లల శవాల బొమ్మలు 2013లో సిరియా దేశంలో విషవాయువు దాడికి బలైన పిల్లలవి. బొమ్మ నిజమే, చెప్పిన కథ అబద్ధం.

ఆనాడు గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌గా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామానికొక పోలీసును కేటాయించి, డప్పులతో, పాటలతో ఈ వదంతులను ఊరూరా ఖండింపజేయడం గమనార్హం.

పత్రికలో తప్పుడు బొమ్మ పడితే పాఠకుడు ఊరకుండనవసరం లేదు. ముందుగా సంపాదకునికి ఉత్తరం రాయాలి. జవాబు సరిగా లేకుంటే పత్రిక ప్రతితో సహా ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికపై ఫిర్యాదుకు గడువు రెండు నెలలు. 1978 చట్టం ప్రకారం కౌన్సిల్ పత్రికను మందలించగలదే గాని జరిమానా వేయలేదు. సెల్‌ఫోన్ వదంతుల సంగతి వెంటనే పోలీసులకు తెలపాలి.

సవరణ మరునాడు చిన్న అక్షరాలలో పడవచ్చు. కాని అప్పటికే దెబ్బలు తిన్నవానికి, పరువు పోయిన కుటుంబానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుచేత బొమ్మ ఎవరిది, ఏ ఊరిది, ఎన్నడు తీసింది అన్న మూడు సంగతులు విచారించకుండా ఇతరులకు చూపరాదు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మీద చేయి చేసుకోకముందే ఈ మూడు ప్రశ్నలు వేసుకోవడం ఎంతైనా అవసరం.