సున్నా చూపిస్తే వైండింగ్ కాలినట్టేనా?

2024 జూలైలో బెరిల్ తుపాను హ్యూస్టన్‌ని చీకట్లో వదిలేసి పోయాక గరాజుల్లోంచి పోర్టబుల్ జనరేటర్లు బయటికొచ్చాయి. వాటి వెనకే మల్టీమీటర్లు, వాటి వెనకే సలహాలు. మన తెలుగిళ్ళలో చేతులు మారే సలహాల్లో మూడు మరీ మొండివి. పెద్ద సాకెట్లో సున్నా వస్తే వైండింగ్ కాలిందట. ఎర్త్‌కి 120 రాకపోతే న్యూట్రల్‌ని బాడీకి కట్టెయ్యాలట. లోడు లేనప్పుడు 126 చూపిస్తే ఇంజను స్పీడు తగ్గించాలట. మూడూ తప్పే. మొదటి రెండింటి వేరూ ఒకటే: వోల్టేజీ ఒక వైరులో కూర్చుని ఉంటుందనుకోవడం. అది ఉండేది రెండు చోట్ల మధ్య.

మొదటి మాట చూద్దాం. ఎల్14-30 అనే గుండ్రటి సాకెట్లో నాలుగు కన్నాలుంటాయి: ఎక్స్, వై కరెంటువి, డబ్ల్యూ న్యూట్రల్, జీ ఎర్త్. ఎక్స్, వైలలో ప్రోబులు పెడితే సున్నా వచ్చింది. కాలిందని తీర్పు చెప్పేముందు ప్యానెల్ మీద వోల్టేజీ స్విచ్చు ఉందేమో, ఉంటే ఎటు ఉందో చూశారా? లోపల 120 వోల్టుల వైండింగులు రెండు. టార్చిలైటు సెల్లుల్లాగా వాటిని వరసగా కలిపితే 240, పక్కపక్కన కలిపితే 120. స్విచ్చు ‘120 మాత్రమే’ వైపుంటే ఎక్స్, వై ఒకే బిందువైపోతాయి. ఒకే బిందువు మీద రెండు ప్రోబులు పెట్టినవాడికి సున్నా కాక మరేం వస్తుంది? ‘120/240’ వైపు తిప్పినా సున్నాయే వస్తే అప్పుడు బ్రేకరు చూడండి, ఆ తరవాతే వైండింగుని అనుమానించండి. ఇంకో సంగతి. 120/240లో పెడితే 5000 వాట్ల జనరేటరు ఒక్కో వైపు 2500 మాత్రమే ఇస్తుంది. అది కూడా లోపం కాదు, పంపకం.

రెండోది ఇంకా ప్రమాదకరం. మన ఊళ్ళో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 చూసిన కళ్ళు మనవి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంచుతారు కాబట్టి ఆ అంకె వస్తుంది. చాలా పోర్టబుల్ జనరేటర్లలో న్యూట్రల్‌ని బాడీకి కలపరు. అప్పుడు ఎక్స్ నుంచి జీకి యాభై రావచ్చు, అరవై రావచ్చు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం మెగా ఓమ్‌లలో ఉంటుంది. దాన్ని కదిలించడానికి చీమంత లీకేజీ చాలు. ఆ అరవైకి బల్బు వెలిగించే సత్తా ఉండదు. దాన్ని సరిచేస్తున్నానంటూ తీగ ముక్క కట్టి జనరేటరుని ఇంటి ప్యానెల్‌కి కలిపితే, ప్యానెల్లో ముందే ఉన్న న్యూట్రల్-ఎర్త్ జోడింపుకి ఇది రెండోదవుతుంది. ఇంటిని గ్రిడ్ నుంచి జనరేటరుకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్చు న్యూట్రల్‌ని విడదీయకపోతే, తిరుగు కరెంటులో వాటా ఎర్త్ వైరు మీదుగా నడుస్తుంది. కొన్ని మోడళ్ళలో ఫ్యాక్టరీలోనే కలిపి పంపుతారు, నిజమే. కలిపిందో లేదో మాన్యువల్లో చూసుకోవాలి, మీటరులోని అరవైని చూసి తేల్చకూడదు.

మూడోదానికి ఎక్కువ మాటలక్కర్లేదు. మామూలు ఇంజను నిమిషానికి 3600 చుట్లు తిరిగితే 60 హెర్ట్జ్. లోడు పడితే వేగం కాస్త తగ్గుతుంది కాబట్టే ఖాళీగా ఉన్నప్పుడు 62 దగ్గర పెడతారు. వోల్టేజీ కాస్త ఎక్కువ కనబడేది అందుకే. ఖాళీ ఇంజనుని చూసి గవర్నరుతో వేగం తగ్గిస్తే, ఫ్రిజ్ కంప్రెసరు అందుకోగానే ఇంజను ఆయాసపడుతుంది.

మరి భయపడాల్సిన అంకె ఏది? న్యూట్రల్ వదులైతే వచ్చేది. ఒక వైపు 1200 వాట్ల హీటరు, రెండో వైపు 600 వాట్ల హీటరు ఉన్నాయనుకోండి. న్యూట్రల్ ఊడితే రెండూ 240 మీద వరసగా వేలాడతాయి: పెద్దదానికి 80, చిన్నదానికి 160. హీటరు బదులు టీవీ ఉంటే గతేమిటో, ఊళ్ళో న్యూట్రల్ తెగిన రాత్రి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ క్షణంలో కూడా ఎక్స్, వై మధ్య మీటరు నిండుగా 240 చూపిస్తూనే ఉంటుంది. సున్నాని చూసి మంచి జనరేటరుని వాపసు పంపిన మనిషి, ఈ 240ని చూసి అంతా బాగుందని మీటరు జేబులో పెట్టుకుంటాడు. లోడుతో నడుస్తుండగా ఎక్స్ నుంచి డబ్ల్యూకి ఎంత, వై నుంచి డబ్ల్యూకి ఎంత అని మాత్రం చూడడు.