ఆడపిల్లల ఆట, మగవాళ్ళ ఉద్యోగం

2024 డిసెంబర్ 22న అమెరికాలోని లూయీవిల్ నగరంలో కాలేజీ స్త్రీల వాలీబాల్ ఫైనల్ జరిగింది. పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టు లూయీవిల్ జట్టుని 3-1 సెట్లతో ఓడించింది. గెలిచిన జట్టు కోచ్ కేటీ షూమాకర్-కాలీ, ఓడిన జట్టు కోచ్ డానీ బుస్‌బూమ్ కెల్లీ. ఇద్దరూ స్త్రీలే. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్.సి.ఎ.ఎ. ఈ పోటీల్ని 1981లో మొదలుపెట్టింది. అప్పట్నుంచి 43 సార్లు ఆడింది ఆడపిల్లలు, గెలిచింది ఆడపిల్లలు. 43 సార్లూ గెలిచిన జట్టు ప్రధాన కోచ్ మగవాడే!

కానీ పత్రికలు ఎక్కువగా చెప్పిన కథ వేరు. ఆ సంవత్సరం షూమాకర్-కాలీకి రొమ్ము క్యాన్సర్ రెండో దశలో బయటపడింది. కీమోథెరపీ చేయించుకుంటూనే ఆమె జట్టుని నడిపింది. ముగ్గురు కూతుళ్ళ తల్లి. ఇంకేం కావాలి? నా స్నేహితురాలొకరు ఫోన్ చేసి "స్త్రీశక్తి అంటే ఇదీ" అన్నారు. ఆమె ధైర్యాన్ని నేనూ గౌరవిస్తాను. అయితే స్త్రీ సహనానికి హారతి పట్టడం మన సమాజానికి కొత్త కాదు, అమెరికాకీ కొత్త కాదు. హారతి పట్టేవాళ్ళెవరూ 43 ఏళ్ళ లెక్క అడగరు. అదే నాకు కోపం.

ఆమె ఉద్యోగ జీవితాన్ని చూడండి. షికాగో అమ్మాయి. 1999లో పెన్ స్టేట్ మొట్టమొదటిసారి జాతీయ విజేత అయినప్పుడు ఆ జట్టులో ఆడింది. తర్వాత షికాగోలోని ఇల్లినాయి యూనివర్సిటీలో కొన్నేళ్ళు ప్రధాన కోచ్‌గా పనిచేసింది. అంత అనుభవం ఉండి కూడా తను ఆడిన చోటికి తిరిగొచ్చింది సహాయకురాలిగా! ప్రధాన కోచ్ రస్ రోజ్ 1979 నుంచి 2021 దాకా 43 సీజన్లు ఆ కుర్చీలో ఉన్నాడు, ఏడు టైటిళ్ళు గెలిచాడు. ఆయన ప్రతిభని కాదనను. ఆయన రిటైరయ్యాక 2022 జనవరిలో ఆమెకి ఆ పదవి దక్కింది. మూడో సీజన్‌కే కప్పు తెచ్చింది.

"ఆడవాళ్ళలో అర్హులు దొరకలేదు, పెళ్ళీ పిల్లలూ అని వాళ్ళే మానేస్తారు" అని వాదించేవాళ్ళు 1972కి ముందు కోచ్‌లు ఎవరో చెప్పాలి. విద్యాసంస్థల్లో లింగ వివక్షని నిషేధించే టైటిల్ నైన్ చట్టం ఆ ఏడే వచ్చింది. వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాల పాటు ఓపిగ్గా లెక్కలు తీశారు. 1972లో కాలేజీ స్త్రీల జట్లకి కోచ్‌లు నూటికి 90 మందికి పైగా స్త్రీలే. 2014 నాటికి 43 మంది. నల్లజాతి స్త్రీలైతే మరీ తక్కువ.

ఎక్కడికి పోయారు వీళ్ళంతా? చట్టానికి ముందు వ్యాయామ ఉపాధ్యాయినులు అరకొర జీతానికో, జీతం లేకుండానో ఆ పని చేసేవాళ్ళు. చట్టం వచ్చాక స్త్రీల క్రీడలకి డబ్బొచ్చింది, స్కాలర్‌షిప్పులొచ్చాయి. ఆ పని 'ఉద్యోగం' అయింది. అయిన వెంటనే మగవాళ్ళకి పనికొచ్చింది! స్త్రీల, పురుషుల క్రీడా విభాగాల్ని కలిపేశారు. కలిపిన ప్రతిచోటా పైన కూర్చున్నది దాదాపు మగవాడే, విభాగాధిపతులుగా ఉన్న స్త్రీలు ఉపాధిపతులయ్యారు. స్త్రీలు తమ కోసం 1971లో పెట్టుకున్న ఎ.ఐ.ఎ.డబ్ల్యు. అనే సంఘం, ఎన్.సి.ఎ.ఎ. స్త్రీల పోటీలు పెట్టాక నిలవలేక మూతబడింది. కోర్టుకెళ్ళినా ఓడిపోయింది. మరి మగవాళ్ళ జట్లకి కోచ్‌లుగా ఆడవాళ్ళు వెళ్ళారా? అప్పుడూ ఇప్పుడూ అతి కొద్దిమందే. ఆ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది.

నేను చదువుకున్న మహిళా కళాశాలలోనూ పి.డి. మగాయనే. మాకు సర్వీస్ నేర్పింది, నెట్ కట్టింది, వేలు బెణికితే పట్టీ వేసింది జిల్లాకి ఆడిన ఒక సీనియర్ అక్క. కప్పు గెలిచాక గ్రూప్ ఫొటోలో కుర్చీలో సారు, వెనకవరసలో అక్క. అప్పుడది మాకెవరికీ తప్పనిపించలేదు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకి ఈ ఫొటో పరిచయమే అనుకుంటాను. గ్రామాల్లో తిరిగేది స్త్రీలు, స్త్రీల పేరున నిధులు పెరిగాక డైరెక్టర్‌గా వచ్చేది ఎవరు? మన సంస్థల జీతాల పట్టికలు ఒకసారి తీసి చూద్దామా?

ఆ ఫైనల్లో ఓడిన బుస్‌బూమ్ కెల్లీ 2006లో నెబ్రాస్కా జట్టు గెలిచినప్పుడు అందులో ఆడింది, 2015లో అదే జట్టు గెలిచినప్పుడు సహాయక కోచ్‌గా ఉంది. 2025 జనవరిలో నెబ్రాస్కా ఆమెని ప్రధాన కోచ్‌గా నియమించింది. అప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్నది జాన్ కుక్, 25 సీజన్లు.