కడుపునొప్పికి జడిసి గ్రౌండు వదలాలా?

మన హాస్టళ్ళలో ఏ గదిలోకి వెళ్ళి అడిగినా కనీసం ఒకరిద్దరు "గ్యాస్ ట్రబులన్నా" అంటారు. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు, పొట్ట ఉబ్బరం, మూడు రోజులు మలబద్ధకం, నాలుగో రోజు విరేచనాలు... అన్నిటికీ మనవాళ్ళు పెట్టిన పేరు ఒక్కటే. పేరు పెట్టాక చాలామంది రెండు పనులు చేస్తారు. మెడికల్ షాపులో ఒక బిళ్ళ కొంటారు, సాయంత్రం ఆటకు రావడం మానేస్తారు. ఈ రెండూ సరికాదని మా అభిప్రాయం.

మనకు ఆట కాలక్షేపం కాదు మిత్రులారా. కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్ల పరుగు దాటాలి. ఆర్మీకి వెళ్ళాలన్నా, స్పోర్ట్స్ కోటాలో సీటు రావాలన్నా ఒంట్లో సత్తువ ఉండాలి. సిఫారసు చేసేవాళ్ళు లేని మన పిల్లలకు పుస్తకం ఒక దారైతే గ్రౌండు ఇంకో దారి. కడుపులో మంట వచ్చిందని ఆ దారి మూసుకుంటే ఎలా?

అసలు సంగతి చూద్దాం. పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్ళ కండరాలకు మళ్ళుతుంది, పేగులకు వెళ్ళేది బాగా తగ్గుతుంది. కడుపునిండా తిన్న అన్నం జీర్ణాశయం దాటడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. తిన్న అరగంటకే కబడ్డీ కూతకు దిగితే డొక్కలో పోటు రాక ఏమవుతుంది? అది జబ్బు కాదు, వేళ తప్పడం. ఇక పరీక్షల్లో ఏ లోపమూ కనపడకుండానే ఏళ్ళ తరబడి నొప్పి, విరేచనాలు, మలబద్ధకం పెట్టే పేగుల సమస్య ఒకటుంది. డాక్టర్లు దాన్ని ఐ.బి.ఎస్. అంటారు. అలాంటి రోగులు వంద మంది దాకా ఉన్న ఒక పరిశోధనను స్వీడన్ డాక్టర్లు 2011లో ప్రచురించారు. అందులో కొందరిని 12 వారాలపాటు వారానికి 3 నుంచి 5 రోజులు వ్యాయామం చేయమన్నారు. చేసినవాళ్ళకు మొత్తంమీద బాధ తగ్గింది, ముదిరినవాళ్ళు చేసినవాళ్ళలో కంటే చేయనివాళ్ళలో ఎక్కువ. అంటే కడుపు బాగోలేనివాడికి ఆట శత్రువు కాదు, మందుల్లో ఒకటి.

అయితే అందరికీ ఒకే లెక్క పనికిరాదు. పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవాళ్ళు తిన్న వెంటనే గెంతులు, సిటప్పులు పెట్టుకోకూడదు. వాళ్ళకు నడక, సైకిలు మేలు. రాత్రి తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకూడదు. ఈ విషయంలో మన స్టడీ అవరు మంచి పనే చేస్తోంది, పుస్తకం ముందు కునికినా కూర్చునే కునుకుతాం కదా! పొద్దున్నే పరగడుపున పరుగెత్తితే మంట వచ్చేవాళ్ళు అరగంట ముందు ఒక అరటిపండు తిని చూడాలి. పరుగులో పేగులు కదిలిపోయేవాళ్ళు ముందు రాత్రి గుగ్గిళ్ళు, ఆ పూట పాలు, టీ మానుకుని చూడాలి. సెలక్షన్ రోజున మాత్రం కొత్త తిండి, కొత్త బిళ్ళ దగ్గరికి రానీయకూడదు.

ఇప్పుడు మన మెస్సు సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటకు తింటే మళ్ళీ కంచం పట్టేది రాత్రి ఏడున్నరకు. మధ్యలో ఆట. చాలా హాస్టళ్ళలో సాయంత్రపు తిండి ఆట అయ్యాక పంచుతారు. అప్పటికే ఆకలికి తాళలేక పిల్లలు గేటు బయట మిరపకాయ బజ్జీలు తిని వచ్చేస్తారు. బడి నుంచి రాగానే, ఆటకు గంట ముందు అది ఇవ్వండని వార్డెన్లందరికీ మా విన్నపం. శనగలు పడనివాళ్ళకు పల్లీపట్టీయో అరటిపండో ఇవ్వాలి. కుక్కుకీ కామాటికీ పని పెరగదు, వేళ మారుతుందంతే.

ఎవరూ పైకి మాట్లాడని విషయం మరుగుదొడ్లది. పొద్దున బకెట్టు పట్టుకుని క్యూలో నిలబడలేక, బడికి వేళవుతోందని, వచ్చిన దాన్ని ఆపుకుంటారు. రోజూ ఆపుకుంటే పేగు ఆ పిలుపే మరిచిపోతుంది. ఆడపిల్లల హాస్టళ్ళలో మరీ ఘోరం. మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు. ఆ మలబద్ధకానికి ఏ చూర్ణం పనిచేస్తుంది?

బిళ్ళల విషయంలో గట్టిగానే చెప్పదలిచాం. పిక్కలు పట్టేశాయని ఖాళీ కడుపున డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగితే కడుపులో పుండు పడవచ్చు, రక్తం కారవచ్చు. ఆ మంటకు మళ్ళీ ఇంకో బిళ్ళ! ఒకప్పుడు ప్రతి ట్రంకుపెట్టెలో ఉన్న రానిటిడిన్‌ను, అందులో క్యాన్సర్ తెచ్చే గుణమున్న పదార్థం కనిపించిందని 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించింది. మన దేశం 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలోంచి తొలగించింది. సీనియర్ ఇచ్చాడు గదా అని జూనియర్ మింగకూడదు.

కడుపులో పుండ్లకు కారమూ, దిగులే కారణమని చాలాకాలం డాక్టర్లే నమ్మారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు 1984లో ఆ క్రిమిని తానే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించాడు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ ఇచ్చారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఆ క్రిమి మన దేశంలో చాలామందికి చిన్నతనంలోనే కడుపులో చేరుతుంది. అందరికీ పుండు పడదు. పడినవాళ్ళకు పరీక్ష చేసి, సాధారణంగా రెండు వారాలు మందులు ఇస్తారు. నాలుగు రోజులకే మంట తగ్గిందని కోర్సు మానేస్తే క్రిమి మిగిలిపోతుంది. కారం పుండును తేదు గానీ ఉన్న పుండును మండిస్తుంది, కాబట్టి కూర బాగోని రోజు పచ్చడితోనే లాగించే అలవాటు తగ్గించుకోవాలి.

నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, నిద్రలోంచి లేపే నొప్పి... వీటిలో ఏది కనిపించినా ఆట ఆపి, అదే రోజు వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు రౌండ్లకే ఆయాసపడేవాళ్ళు రక్తహీనత పరీక్ష చేయించుకోవాలి. నులిపురుగులు, కడుపులో కారే రక్తం కూడా దానికి కారణాలే.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. వార్షికోత్సవానికి గోడగడియారాలు, జ్ఞాపికలు చాలానే వచ్చాయి. ఈసారి విరాళాలతో మరుగుదొడ్లకు తలుపులు, కొళాయిలు వేయించండి. మిగిలితే వాలీబాల్ నెట్ కొనండి, పాతది చిరిగి ఏడాది దాటింది.